వామనగుంటల్లో తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ రోజు ఎలా గడవబోతోందో తాతయ్య పొద్దున్నే అనే మొదటి మాటతో తెలిసిపోయేది. "ఒరే" అని పిలిచారంటే మంచి రోజు. మెలకువ వచ్చినా మంచం మీదే గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే "ఊఁ" అని మాత్రం అన్నారంటే ఎవరి పని వాళ్లు చూసుకోవాలి. "ఏవండీ, తమరిప్పుడు లేచారా?" అన్నారంటే మాత్రం ఇల్లంతా చప్పుడు చేయకుండా నడిచేది. మా కొల్లేటి ఒడ్డు ఊళ్లలో అండీ అనేది మర్యాద మాట. పెద్దలతోనూ, కొత్తవాళ్లతోనూ, వియ్యాలవారితోనూ అది లేకుండా మాకు నోరు తిరగదు. అదే మాట పెద్దవాళ్లు పిల్లల్ని అన్నారంటే, అంతకు మించిన కోపం ఇంకోటి లేదన్నమాట.

ఇది పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి సంగతి. మా ఊరి బడి అయిదో తరగతితో అయిపోయేది. ఆ పైన చదవాలంటే ఏలూరు వెళ్లాలి. అక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పే మా మేనమామ నన్ను తన దగ్గర ఉంచుకుంటానన్నారు. తాతయ్య ఒప్పుకుంటే చాలు. కాని ఆయన ఒకసారి కాదన్నాక మళ్లీ ఔనన్న సందర్భం ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఎడ్లను మారుద్దామని మా నాన్న ఒకసారి వేళ చూసుకోకుండా అడిగి కాదనిపించుకున్నారు. ఆ ముసలి ఎడ్లతోనే ఏళ్ల తరబడి దున్నారు. అప్పటినుంచీ నాన్న ఏదీ అడగలేదు. మావయ్యేమో, చదువుకునేవాడే అడగాలి, ఆడపిల్లనిచ్చిన వాళ్లం మేమడిగితే పిల్లవాణ్ని లాక్కుపోతున్నట్టు ఉంటుంది అన్నారు. అంటే నాకున్నది ఒకే ఒక్క అవకాశం.

మావయ్య వేసవి సెలవుల చివర మా ఊరు వచ్చారు. తొలకరి పడింది. గాలి ఒక దిక్కు నుంచి వీచేది కాదు. కొల్లేట్లో నీరు రోజురోజుకీ గట్టువైపు జరుగుతోంది. తిరిగి వెళ్లేటప్పుడు మావయ్య పడవలో వెళ్తారు, ఆ పడవలో నేను ఉంటానా ఉండనా అన్నదే నా ధ్యాస. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు.

"ఇవాళ అడిగేస్తాను మావయ్యా."

"ఇవాళ తాతగారు ఎలా ఉన్నారు?"

"ఏమో. అడిగితే తెలుస్తుంది."

"అడిగాక తెలిసి ఏం లాభంరా, బుర్ర లేనివాడా! పద, మీ అమ్మ వామనగుంటల పీట పట్రా."

వామనగుంటలంటే మధ్యాహ్నం పూట ఆడవాళ్లు చింతపిక్కలతో ఆడుకునే ఆట. కొయ్య పీట మీద రెండు వరుసలుగా గుంటలుంటాయి. మావయ్య చింతపిక్కలకు తోడు కొన్ని గవ్వలూ, కొన్ని గురువింద గింజలూ తెప్పించారు. మనిషిలో మూడు గుణాలుంటాయని మన పూర్వులు చెప్పారనీ, సత్త్వం తెలుపు, రజస్సు ఎరుపు, తమస్సు నలుపు అనీ, ఏ ఒక్కటీ పూర్తిగా పోదనీ, పూటకొకటి పైకి తేలుతుందనీ చెప్పారు. ఏది ఎప్పుడు తేలుతుందో వాళ్లు చెప్పలేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో ప్రాబబిలిటీ అని ఒక లెక్క ఉంది, దానికి మనిషి మనసు అక్కర్లేదు, ఇంతకుముందు ఏమైందో తెలిస్తే చాలు. ఈ రెంటినీ కలిపి చూద్దాం అన్నారు.

నాకు అప్పగించిన పని తేలికే. రోజూ తాతయ్య మొదటి మాట వినాలి. "ఒరే" అంటే గవ్వ, "అండీ" అంటే గురువింద, "ఊఁ" అంటే చింతపిక్క. పై వరుసలో రోజుకో గుంటలో వేయాలి. నేను వేయగానే మావయ్య నా వంక ఒకసారి చూసి, కింది గుంటలో తానూ నాకు కనబడకుండా ఒక గింజ వేసి, రెండు గుంటల మీదా ఒక్కో రావి ఆకు కప్పేవారు.

"కింది వరుస దేనికి మావయ్యా?"

"అది నా లెక్క. నీ లెక్క నువ్వు చూసుకో."

నేను మాత్రం చూస్తూ ఊరుకున్నానా! తెల్లవారకముందే లేచి తాతయ్య మంచం చుట్టూ తిరిగేవాణ్ని. ఒకరోజు చీకట్లో ఆయన చెంబు తన్నేశాను. ఆ రోజు గురువిందే. మర్నాడు, ఇంకా మొదటి మాట రాలేదేమని వంగి ఆయన మొహంలోకి చూశాను. మళ్లీ గురువిందే. మావయ్య మామూలుగానే కింద తన గింజ వేసి ఆకు కప్పారు.

సెలవులు అయిపోవచ్చాయి. పడవ మర్నాడే. మావయ్య పై వరుస మీది ఆకులు తీసి, నల్లది తర్వాత ఎర్రదీ, ఎర్రవి పడ్డాక తెల్లదీ వస్తున్నట్టుందని చూపించారు. "ఇవాళ తెలుపుకే వీలెక్కువ. వీలన్నాను, తప్పదనలేదు, గుర్తు పెట్టుకో" అన్నారు. అంతలో అరుగు మీంచి తాతయ్య ఆ పొద్దుటి మొదటి మాట, "ఒరే, మంచినీళ్లు" అని వినిపించింది. గవ్వ!

తాతయ్య జనుము తాడు పేనుకుంటున్నారు. చెంబు అందించి, ఊపిరి తీసుకోకుండా, ఏలూరు వెళ్తాననీ, మావయ్య దగ్గర ఉంటాననీ, సెలవులకు వస్తాననీ అంతా ఒకే వాక్యంలో అనేశాను. తాడు మీద ఆయన చెయ్యి ఆగింది. తలెత్తారు.

"ఏవండీ! ఇదంతా తమరి పనేనా?"

ఇంక నిలబడలేదు. ఎక్కడికి పరిగెత్తానో నాకే తెలియదు. గడ్డివామి వెనక కూర్చుని ఏడుస్తుంటే మావయ్య వామనగుంటల పీట చంకలో పెట్టుకుని వచ్చారు.

"ఎందుకొచ్చేశావురా?"

"గురువింద పడింది మావయ్యా. అండీ అన్నారు."

"అన్నారు. ఎవర్ని?"

"నన్నే."

"నీ వెనక గుమ్మంలో ఎవరున్నారు?"

నేను చూడలేదు.

"నేనున్నానురా! వియ్యాలవారి మనిషిని, అండీ అనక నన్ను ఒరే అంటారా? నవ్వుతూ అన్నారు. ఆయన మొహమైనా చూడలేదా నువ్వు?"

చూడలేదు. అప్పుడు మావయ్య కింది వరుస మీది ఆకులన్నీ తీసేశారు. ఆ చివర నుంచి ఈ చివరికి అన్నీ గురువింద గింజలే.

"ఇది నీ వరుసరా. తాతగారిలో మూడు రంగులూ ఉన్నాయి. ఇన్నాళ్లూ నీలో ఒక్కటే, ఈ ఎర్రటి తొందర. ఆయన ఎర్రబడిన రోజుల్లో సగం నీ పుణ్యమే. ఇవాళ ఆయన తెల్లగా ఉన్నా నీకు ఎర్రగానే కనబడ్డారు. గుణాలు ఎదుటివాడికే ఉంటాయని ఏ శాస్త్రమూ చెప్పలేదు. చూసేవాడి గింజ వేయకపోతే అది సగం లెక్క."

కళ్లు తుడుచుకుని ఆయన వెనకే నడిచాను. తాతయ్య తాడు పేనుతూనే ఉన్నారు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఒరే, అడిగినవాడివి జవాబు వినకుండా పరిగెడతావేంరా? రేపు ఏలూరు బళ్లో మాస్టారు ప్రశ్న వేస్తే ఇలాగే గోడ దూకుతావా?"

సరేనన్న మాట అందులో ఎక్కడా లేదు. అమ్మ మాత్రం లోపల పెట్టె దించింది.

ఆ తర్వాత ఇంజనీరింగు చదివాను. మావయ్య గింజలతో చూపించిన లెక్కకు పెద్ద పేర్లున్నాయని పుస్తకాల్లో తెలుసుకున్నాను. మనుషుల విషయంలో ఆ లెక్క నాకు తప్పినన్నిసార్లు మరెక్కడా తప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నాకొక అలవాటు ఉండిపోయింది. ఎవరైనా నన్ను గట్టిగా ఒక మాట అనగానే వెనక్కి తిరిగి చూస్తాను. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. చాలాసార్లు వెనక ఎవరూ ఉండరు, ఆ మాట నన్నే అన్నది. అయినా తిరిగి చూసి మళ్లీ ఇటు తిరిగేసరికి నాలో ఎరుపు కాస్త దిగి, ఎదుటి మనిషి మొహం చూడడానికి నాకు కొంత వ్యవధి దొరుకుతుంది.