తడిగడ్డిలో మోకాలి గుర్తు

కాలేజీలో మూడేళ్లపాటు నేను ఒక మనిషి మొహం కంటే అతని చూపుడువేలినే ఎక్కువగా చూశాను.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గోల్‌ స్తంభాల మధ్య నుంచి బంతి పోయేలా తన్నేవాడు ఒకడుంటాడు. మా జట్టులో అది నేను. ఆ తన్నేవాడి ముందు ఒక మోకాలు నేలకానించి కూర్చుని, వెనక్కి విసిరిన బంతిని అందుకుని, నేలమీద నిలబెట్టి, దాని కొనమీద ఒక్క వేలు ఆనించి పట్టుకునేవాడు ఇంకొకడుంటాడు. అది అతను. బంతి అతని చేతికి వచ్చినప్పటి నుంచి నా కాలికి తగిలేదాకా ఒక్క సెకను, మహా అయితే కొంచెం ఎక్కువ. ఆ కాస్త సేపట్లో మీదికి ఉరికి వస్తున్న మనుషుల్ని చూడకూడదు, పట్టుకున్నవాడి మొహమూ చూడకూడదు. ఆ వేలి కింద బంతిమీద ఒక చోటు చూడాలి, అంతే. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గోరు పక్కనున్న తెల్లని మచ్చ నాకు గుర్తుంది. అతని కళ్లు ఏ రంగో అడిగితే చెప్పలేను.

ఎనిమిదో తరగతి దాకా నేను గుంటూరులో చదివాను. నాన్న ఉద్యోగం మమ్మల్ని అమెరికాలో టెక్సస్‌లోని ప్లేనో తీసుకొచ్చింది. అక్కడ స్కూల్లో నేను తన్నిన బంతి కంచె దాటి కార్ల మధ్య పడింది. చూసిన కోచ్ దగ్గరికొచ్చి ఇంకోసారి తన్నమన్నాడు. అలా మొదలైంది. అమ్మ మొదటి మ్యాచ్ చూసి హడలిపోయింది. "ఇదేం ఆటరా నాయనా, గేదెలు కుమ్ముకున్నట్టు కుమ్ముకుంటన్నారు. నువ్వు ఆ పక్కనే నుంచో, లోపలికి పోమాక" అంది. నిజానికి నా పని పక్కన నుంచోవడమే. మూడు గంటలు నిలబడి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లి, ఒక్క తన్ను తన్ని, బయటికి రావడం.

పెద్ద యూనివర్సిటీలేవీ నన్ను పిలవలేదు. నార్త్ కరోలినాలో కొండల దగ్గర వెయ్యిమంది పిల్లలు కూడా లేని ఒక చిన్న కాలేజీ పిలిచింది. మా మ్యాచ్‌లకి ఆటగాళ్ల అమ్మానాన్నలు, ఊళ్లో పొద్దుపోని పెద్దవాళ్లు వచ్చేవారు. ఆ ఆటని పట్టుకుని ఇంకా పైకి పోతామని మాలో ఎవరమూ అనుకోలేదు. నాలుగో ఏడు నవంబర్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో చాలాసేపు ఎవరూ బూట్లు విప్పలేదు. విప్పితే మళ్లీ వేసుకునే పని లేదని అందరికీ తెలుసు.

ఇప్పుడు నేను అదే రాష్ట్రంలో ఉంటున్న మోరిస్‌విల్‌లో మా వీధిలో నలభై దాటినవాళ్లు ఆదివారాలు క్రికెట్ ఆడతారు, మోకాళ్లకి పట్టీలు కట్టుకుని బ్యాడ్మింటన్ ఆడతారు. మా ఆటకి ఆ వీలు లేదు. ఇరవై ఇద్దరు మనుషులు ఒకరినొకరు గుద్దుకోవడానికి ఒప్పుకోవాలి, మళ్లీ సోమవారం ఆఫీస్‌కి పోవాలి. సెప్టెంబర్‌లో పొద్దుటి గాలి చల్లబడిందంటే నా కుడితొడలో ఒక బిగువు మొదలవుతుంది. మీటింగుల్లో టేబుల్ కింద కాలు దానంతటది కదులుతూ ఉంటుంది. నా భార్య హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన మనిషి. ఆమె ఈ ఆటని ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. "నీకు సీజన్ స్టార్ట్ అయింది" అంటుంది, పడిశం పట్టిందన్నట్టు.

రెండేళ్ల కిందట మా కాలేజీ మూతపడింది. పిల్లలు చేరడం లేదని ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ఒక శనివారం బంతి, దాన్ని నిలబెట్టే చిన్న ఇనపస్టాండు కార్లో వేసుకుని రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. చూసి వద్దామనుకున్నాను, అంతే.

హాస్టల్ కిటికీలకి చెక్కలు కొట్టేశారు. మైదానంలో ఒక పక్క గోల్‌ స్తంభాలు పీకేశారు, రెండోపక్కవి ఉన్నాయి. గడ్డి చీలమండల దాకా పెరిగి మంచుతో తడిసి ఉంది. స్టాండు పెట్టి మొదటి బంతి తన్నాను. ఆ చప్పుడు హాస్టల్ గోడకి తగిలి ఒక్క క్షణం ఆగి వెనక్కి వచ్చింది. ఆ గోడ మేం ఆడినప్పుడూ అక్కడే ఉండేది, కానీ జనం గోలలో మేమెప్పుడూ దాన్ని వినలేదు. నేను తన్నగానే గోడ అవతల ఇంకొకడెవడో తన్నినట్టు వినిపించింది. రెండుమూడు సార్లు తల తిప్పి చూశాను.

వెళ్లిపోతూ ఆ చోటు గమనించాను. స్తంభాలకి ఎదురుగా, సరిగ్గా నడిమధ్యన, మేం రోజూ సాధన చేసిన దూరంలో, అరచేయంత మేర గడ్డి లేదు. కోసింది కాదు, వేళ్లతో పీకింది. పక్కనే తడిగడ్డి నలిగి ఒక గుంట ఉంది. వంగి చూస్తే అది మోకాలి గుర్తు. దానికి ముందు ఒక బూటు గుర్తు. మోకాలి గుర్తులో ఇంకా మంచు పట్టలేదు.

నాకు బంతి పట్టినవాడు కూర్చునే ముందు ఆ చోట గడ్డిపోచలు పీకి, చేత్తో నేల చదును చేసేవాడు. అతని అలవాటు అది. మిగతావాళ్లు అరచేత్తో తుడిచి ఊరుకునేవారు. అతను ఒక్కొక్క పోచా పీకేవాడు.

ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య చపాతీ ఒత్తుతూ విని, "జింకలుంటయ్ కదా అక్కడ. పండుకొని ఉంటది" అంది.

"జింక గడ్డి పీకి నేల చదును చేస్తుందా?"

"మరి నువ్వేమంటవ్?"

తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను. గుర్తు అక్కడే, మళ్లీ తాజాగా. ఆ వారం ఆ మోకాలి గుర్తుకి ఎదురుగా బంతి తన్నబుద్ధి కాలేదు. పదిగజాలు పక్కకి జరిగి తన్నాను. తన్నినంతసేపూ ఆ ఖాళీ చోటు నన్ను కనిపెట్టి చూస్తున్నట్టే అనిపించింది.

మూడో శనివారం తెల్లారేసరికే అక్కడున్నాను. మైదానం మీద మంచు తెరలా కప్పుకుని ఉంది. కాసేపటికి ఒక పాత కారు గేటు దగ్గర ఆగింది. యాభై దాటిన ఒకామె దిగి, అవతలి తలుపు తీసి, ఒక మనిషిని చేయిపట్టి దింపింది. ఆమె అక్కడే ఉండిపోయింది. అతను మంచులోంచి తిన్నగా నడిచి వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది, భుజాలు దిగిపోయాయి. నా పక్కనుంచే వెళ్లాడు. నన్ను చూడలేదు. ఆ చోట మోకాలు ఆనించి, మొలిచిన రెండు పోచలు పీకి, నేల తుడిచి, చెయ్యి ముందుకి చాచి కూర్చున్నాడు. అప్పుడు చాచిన చేతిని దగ్గరికి లాక్కుని, ఏదో అందుకున్నట్టుగా కిందికి దించి, నేలకి కొంచెం పైన గాలిలో చూపుడువేలు నిలబెట్టాడు. గోరు పక్కన తెల్లని మచ్చ.

పేరుపెట్టి పిలిచాను. పలకలేదు. ఎదురుగా వంగి చూశాను. అతని చూపు నన్ను దాటి నేలమీదే ఉంది. నా చేతిలో బంతి ఉంది కదా అని, దాన్ని తీసుకెళ్లి ఆ వేలి కింద పెట్టబోయాను. అతను రెండో చేత్తో నా చేతిని పక్కకి నెట్టాడు. కోపంగా కాదు. ఎవరో కూర్చున్న కుర్చీలో మనం కూర్చోబోతే వారించినట్టు.

ఇంతలో ఆమె వచ్చింది. అతని అక్క. మేం మాట్లాడుకున్నది ఇంగ్లిష్‌లోనే, కానీ ఆమె గొంతు నాకు తెలుగులోనే గుర్తుంటోంది.

"బూటు గుర్తులు మీవేనా? రెండు వారాలుగా చూస్తున్నాను. ఎవరొస్తున్నారో తెలియక భయమేసింది" అంది.

నేనెవరో చెప్పాను. ఆమె చాలాసేపు నా కాళ్లవైపు చూసింది.

"అతను సేఫ్టీగా కూడా ఆడేవాడు కదా, ఉరికొచ్చేవాళ్లని గుద్ది ఆపడమే పని, తలకి చాలా దెబ్బలు తగిలాయి. అవే కారణమో కాదో ఎవరూ తేల్చి చెప్పరు. డాక్టర్లు ఒక జబ్బు పేరు చెప్పారు, తర్వాత ఇంకో పేరు చెప్పారు. నన్ను గుర్తుపట్టడు. అన్నం పెడితే తింటాడు. సెప్టెంబర్ వస్తే మాత్రం ఇంట్లో నిలవడు, తలుపు పట్టుకుని నుంచుంటాడు. ఇక్కడికి తీసుకొస్తే అరగంట ఇలా కూర్చుని, లేపితే లేస్తాడు."

"ఏం చేస్తాడు ఆ అరగంటా?"

"ఇదే. ఎవరికోసమో ఆగుతాడు." అని, అతని వేలివైపు చూసి, "మీకోసమే అయ్యుంటుంది" అంది.

నేను బంతి పక్కన పడేశాను. వెనక్కి మూడడుగులు, పక్కకి రెండు. పాతికేళ్లు కావస్తోంది, కొలత కాళ్లకి తెలుసు. తల ఊపాను. అతను చూశాడో లేదో గాని చెయ్యి చాచాడు, అందుకున్నాడు, దించాడు, వేలు పెట్టాడు. ఆ వేలి కింద ఖాళీగా ఉన్న చోటు చూస్తూ ముందుకొచ్చి తన్నాను.

ఏదో తగిలిందని చెప్పను. ఏమీ తగల్లేదు. గోడ నుంచి చప్పుడు వస్తుందని ఆగాను, రాలేదు. అతను మాత్రం తల ఎత్తి స్తంభాల వైపు చూశాడు. ఆ చూపు నెమ్మదిగా పైకి లేచి, కొంచెం ఎడమకి వంగి, కిందికి దిగింది. "ఎడమకి పోయింది" అన్నాడు. ఆ గొంతు మారలేదు.

అవును, ఎడమకే పోయింది. తన్నగానే నాకూ అలాగే అనిపించింది.

"ఇంకోటి" అన్నాను.

ఎన్ని తన్నానో లెక్కపెట్టలేదు. అక్క వచ్చి భుజం తట్టినప్పుడు మంచు పోయి ఎండ చురుక్కుమంటోంది, నా చొక్కా తడిసి ముద్దయింది. ఫోన్‌లో నా భార్య ఆరుసార్లు చేసిన కాల్స్ ఉన్నాయి. గంటన్నర గడిచిపోయింది. ఒక్క బంతీ లేకుండా గంటన్నర ఆడాను. అంత సంతోషం పెళ్లయ్యాక, పిల్ల పుట్టాక కూడా నాకు కలగలేదనే మాట డ్రైవ్ చేస్తుంటే మనసులోకొచ్చింది. కారు రోడ్డుపక్కన ఆపేశాను. భయం వేసింది.

ఆ భయంతోనే నా భార్యకి అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "నెక్స్ట్ వీక్ నేను గూడ వస్త" అంది.

వచ్చింది. అక్క పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూసింది. తిరిగి వస్తుంటే సగం దారిలో అంది: "ఒకటి చెప్తా, భయపడకు. నువ్వు తన్నినంక మీరిద్దరు పైకి చూస్తున్నరు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ఒకసారి నడుమకి. ఆయన నేల చూస్తున్నడు, నువ్వు ఆయన వేలు చూస్తున్నవ్. అక్కడ బాల్ లేదు. మరి ప్రతిసారీ ఇద్దరు ఒకే దిక్కుకి ఎట్ల చూసిన్రు?"

పాదం ఎలా పడితే బంతి ఎటు పోతుందో ఇద్దరికీ తెలుసనీ, అతను నా పాదాన్నే చూస్తాడనీ చెప్పాను. అది నిజమే. కానీ ఆ పొద్దున ఒక్కసారి నేను నడిమికి పోయిందనుకుని సంతోషపడితే, అతను ఇంకా పైకే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. నేను అతని మాటే నమ్మాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

అక్టోబర్ అంతా వెళ్లాను. నా భార్య పట్టుబట్టడంతో డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. నవంబర్ మొదటి వారం సన్నగా వాన పడుతోంది. అతను కూర్చున్నాడు, నేను తన్నాను. అతను పైకి చూశాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఎవరూ లేపకుండానే లేచి, మోకాలు దులుపుకుని, వానలో కారు దగ్గరికి నడిచి వెళ్లి తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. రెండేళ్లలో అతను తనంతట తాను లేవడం ఆమె చూడలేదట.

తర్వాతి శనివారం వాళ్లు రాలేదు. మళ్లీ శనివారం కూడా రాలేదు. అక్క ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేశాను.

"అతను తలుపు దగ్గరికి పోవడం మానేశాడు. రాత్రంతా నిద్రపోతున్నాడు. మైదానం పేరెత్తినా పట్టించుకోవట్లేదు" అంది అక్క. ఆమె గొంతులో ఊరట వినిపించింది.

"ఒక్కసారి తీసుకురండి. ఒక్కసారి చాలు. నేనే మీ ఇంటికొచ్చి ఎక్కించుకుంటాను" అన్నాను. నా గొంతు నాకే వింతగా తోచింది.

"అతనికి అవసరం తీరిపోయిందనుకుంటాను. మీరు ఎవరితోనైనా మాట్లాడితే మంచిది" అని, మంచిగానే సెలవు చెప్పి ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరిగితే నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. నా చేతిలోంచి కారు తాళాలు తీసుకుని తన జేబులో వేసుకుంది.