తాడు పట్టుకున్నవాడి వాటా

ఎనభైల్లో సెలవు దొరికితే చాలు, విశాఖపట్నంలో మా అక్క ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఊరంతా తీరిగ్గా తిరిగేవాణ్ని. ఒక ఉదయం జాలారిపేట ఒడ్డున జాలర్లు వరసగా నిలబడి సముద్రంలోంచి పెద్ద వల లాగుతున్నారు. చూస్తూ ఊరుకోలేక నేనూ తాడు పట్టుకున్నాను. గంటసేపు లాగేసరికి అరచేతులు కందిపోయాయి.

వల ఒడ్డుకు చేరింది. నేను చేతులు దులుపుకుని బయల్దేరబోతే, చేపలు పంచుతున్న పెద్దావిడ పిలిచి నా ముందు రెండు దోసిళ్ల చేపలు పోసింది.

"వద్దమ్మా, ఏదో సరదాకి లాగాను" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. "సరదాకి లాగితే బలం కాదేటి బాబూ? తాడట్టుకున్నోడికి వాటా ఉంటాది. నువ్వొగ్గేసిపోతే, అది మేం తింటే దొంగతనం కాదేటి?"

చేపల్ని తువ్వాల్లో మూట కట్టుకున్నాను.

మద్దిలపాలెం బస్సెక్కాక మూటలోంచి నీళ్లు కారడం మొదలైంది. కండక్టర్ దించేస్తాడనే అనుకున్నాను. ఆయన మూటనీ, టికెట్ కోసం చాచిన నా ఎర్రటి అరచేతినీ చూశాడు.

"తాడట్టుకున్నారేటి" అంటూ, మూట కింద వేసుకోమని తను చదువుతున్న పేపరు ఇచ్చాడు.