ఎక్కమంటే ఎక్కాను

మా మిర్యాలగూడలో నలభై నాలుగేళ్ల ఆడమనిషి పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తుతూ కనిపిస్తే జనానికి మూడే అనుమానాలు వస్తాయి. కుక్క వెంటపడి ఉండాలి, బస్సు వెళ్లిపోతూ ఉండాలి, లేదా మొగుడితో గొడవపడి పుట్టింటికి పోతూ ఉండాలి. ఆరోగ్యం కోసమేమో అని ఎవరికీ తట్టదు. ఆరోగ్యానికైతే నడుస్తారు. అదీ ముగ్గురు నలుగురు కలిసి, ఇంట్లో లేని కోడళ్ల గురించి మాట్లాడుకుంటూ నడుస్తారు.

నేను నేరేడుచర్ల వైపు ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. రోజూ షేర్ ఆటోలో పోయి వస్తాను. నా నోరు మంచిది కాదని బడి మొత్తానికి తెలుసు. ఈ పరుగు కూడా ఆ నోరు తెచ్చిపెట్టిందే.

పదో తరగతికి పెట్టిన ఒక స్లిప్ టెస్టులో, మూడో లెక్కకు ఇరవై ముగ్గురు పిల్లలూ ఒకే జవాబు రాశారు. ఆ జవాబు ఒప్పయి ఉంటే నేను సంతోషంగా మోసపోయేదాన్నే. ఇరవై ముగ్గురూ పదిహేడు రాయాల్సిన చోట డెబ్బై ఒకటి రాశారు. ఒప్పు అందరికీ ఒకేలా రావచ్చు గానీ తప్పు ఎవరిది వాళ్లకే ఉండాలి కదా. నాకు ఒళ్లు మండింది. సగం పీరియడ్ తిట్టాను.

"రాకపోతే రాలేదని తెల్ల కాయిదం ఇయ్యుండ్రి. నెత్తిన పెట్టుకుంట. దొంగ మార్కు మాత్రం నా కండ్లకు సూపియ్యకుండ్రి" అన్నాను.

అప్పుడు చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. ఎదురు మాట్లాడే రకం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"టీచర్, మీకు రాని పని మీరెప్పుడన్న అందరి ముంగట చేసిండ్రా?"

ఏనాడూ చేసింది లేదు. లేదని ఒప్పుకునే గుణమూ లేదు. పొద్దున్న పేపర్లో చూసిన ప్రకటన ఒకటి గుర్తొచ్చి, "చేస్త. హైదరాబాద్‌ల మారథాన్ ఉరుకుత. నలభై రెండు కిలోమీటర్లు, ఏడు గంటలల్ల" అనేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టే సరికి హెడ్మాస్టరు గారు ఎదురొచ్చి శుభాకాంక్షలు చెప్పారు. ఆ రోజుకు నేను ఆటో కోసం నలభై రెండు అడుగులు పరుగెత్తినా రొప్పే మనిషిని.

ఇంట్లో చెబితే మా అత్తమ్మ, "నలభై రెండు కిలోమీటర్లంటే ఎంత దూరం?" అని అడిగింది. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. లారీలు ఎటు పోతే ఎంతవుతుందో ఆయన నాలుక మీదే ఉంటుంది. "సూర్యాపేట నుంచి కోదాడ దాక అనుకో అమ్మా" అన్నాడు.

అత్తమ్మ నా వైపు జాలిగా చూసింది. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ చేసినంక గూడ ఉరుకుడేంది బిడ్డా?"



సాగర్ కాలువ కట్ట మీద సాధన మొదలుపెట్టాను. కాళ్లు నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం నేను అనుకున్నవే. అనుకోనిది మా వాళ్ల మంచితనం. మా దగ్గర రోడ్డు మీద ఒంటరిగా పోయే మనిషిని చూసి బండి ఆపకుండా పోవడం పెద్ద తప్పు. పాలవాళ్లు ఆపేవాళ్లు. తవుడు బస్తాల ట్రాక్టరు ఆగేది. ఒక ఆటో అతను నా కోసం ముందు సీట్లో ఉన్న పెద్దాయనను దించి వెనక కూర్చోబెట్టాడు. "ఎక్కు టీచరమ్మా, దింపి పోత" అంటే, "లేదన్నా, ఊకెనే ఉరుకుతున్న" అంటాను. ఊరికే ఎవరైనా పరుగెత్తుతారా! మొహం చిన్నబుచ్చుకుని పోయేవాళ్లు.

రెండు వారాలు తిరక్కుండా కోదాడ నుంచి మా అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. "అల్లుడుగారు ఏమన్నా అన్నారా? నా దగ్గర దాచకు. నువ్వు తెల్లారకుండానే కాలవ గట్టున పరిగెత్తుతున్నావంట. ఎవరెక్కమన్నా ఎక్కట్లేదంట!"

పరుగు, కాలువ, బండి ఎక్కకపోవడం. మూడూ కూడితే ఏమొస్తుందో లెక్కల టీచరుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఆయన అప్పటికే మిల్లులో ఎవరి కళ్లలోకీ చూడలేకపోతున్నాడట. ఆయన చెయ్యని నేరానికి హమాలీలు ఆయనకు చాయ్ కూడా మునుపటిలా అందించడం లేదట.

అందుకని ఒక ఉపాయం చేశాను. ఎవరు ఎక్కమన్నా ఎక్కేదాన్ని. తర్వాతి కల్వర్టు దగ్గర, "గీడనే పనుంది, ఆపు" అని దిగేదాన్ని. ఆ బండి కనుమరుగయ్యే దాకా కాలువలో నీళ్లను పరీక్ష చేస్తున్నట్టు నిలబడి, మళ్లీ ఎక్కిన చోటికి వెనక్కి నడిచి, అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టేదాన్ని. దొంగ కిలోమీటర్లు నాకెందుకు? అయిదు కిలోమీటర్ల పరుగు కాస్తా పోనూ రానూ ఎనిమిదయ్యేది. కానీ ఊళ్లో అనుమానాలు ఖతం అయ్యాయి. మా ఆయనకు చాయ్ వేడిగా రావడం మొదలైంది. నెలలు గడిచేసరికి వెనక బండి నెమ్మదించిన చప్పుడైతే చాలు, నా కాలు దానంతటదే లేచేది.

ప్రయాణం రోజు అత్తమ్మ నా బూట్లకు పూజ చేసింది. కొత్త ట్రాక్టరుకు ఎలా చేస్తారో అలా. రెండింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కో బూటు కింద ఒక్కో నిమ్మకాయ పెట్టి తొక్కమంది. తెల్లటి బూట్లు. పసుపు పోతుందా? హైదరాబాదులో చీకటి ఉండగానే మొదలైన ఆ పరుగులో వేలమంది మధ్య నా పక్కన నిలబడ్డ అమ్మాయి నా కాళ్ల వైపు చూసి, "ఆంటీ, ఇది ఏ బ్రాండ్?" అని ఆసక్తిగా అడిగింది. మిర్యాలగూడలో దొరుకుతాయని చెప్పాను.

మొదటి ఇరవై కిలోమీటర్లు నిజంగా హాయిగా గడిచాయి. అంత పెద్ద నగరం నా కోసమే దారి ఖాళీ చేసినట్టుంది. ఎక్కమనేవాళ్లు ఒక్కరూ లేరు. రోడ్డు పక్కన ముక్కూ మొహం తెలియని పిల్లలు చప్పట్లు కొడుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. మా ఊళ్లో ఇంత పరుగెత్తితే అంబులెన్సుకు ఫోన్ చేసేవాళ్లు. ముప్పై దాటాక మాత్రం ఒళ్లు నాది కాదనిపించింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఒక ముసలాయన, డెబ్బై ఏళ్లుంటాయేమో, నన్ను దాటి తాపీగా పోయాడు. బనియన్ వేసుకుని, చేతిలో కర్చీఫ్ ఊపుకుంటూ పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు పోతున్నాడు. నాకు కోపం వచ్చింది గానీ కాళ్లకు రాలేదు.

ముప్పై మూడో కిలోమీటరు దాటాను. దారిలో సగం మాకు, సగం బండ్లకు. మధ్యలో ప్లాస్టిక్ కోన్లు పెట్టారు. గడియారం చూసి లెక్క వేసుకున్నాను. ఇలాగే పోతే ఏడు గంటల గడువుకు ఎనిమిది నిమిషాలు ముందు చేరతాను. సరిగ్గా ఒక కొబ్బరిబోండాల బండి దగ్గరకు వచ్చేసరికి, కోన్ల అవతల ఒక మోటారు సైకిల్ నెమ్మదించింది.

"టీచరమ్మా! గీడేం చేస్తున్నరు? ఏమైంది, గట్ల కుంటుతున్నరు? ఎక్కుండ్రి!"

అతను ఒకప్పుడు మా ఆయన మిల్లులో హమాలీ. ఇప్పుడు హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్. పరాయి ఊళ్లో మన ఊరి మాట వినపడింది. కాలు లేచింది. కోను దాటింది. ఎక్కి కూర్చున్నాను.

కూర్చున్నాక ఎంత సుఖమనిపించిందో చెప్పలేను. గాలి చల్లగా తగిలింది. అతను మా ఆయన ఎట్లున్నాడని, కాలువకు నీళ్లు వదిలారా అని అడుగుతున్నాడు. నేను అన్నిటికీ నింపాదిగా జవాబులు చెబుతున్నాను. నా గుండెల మీద పిన్నులతో గుచ్చిన నంబరు గాలికి టపటపా కొట్టుకుంటోంది. నాకు ఏమీ అనిపించలేదు. ఇంతలో కోన్ల అవతల కర్చీఫ్ ముసలాయన కనిపించాడు. ఆయన నన్ను చూశాడు, బండిని చూశాడు.

"నాకు గూడ జాగ ఉంటదా?" అని కేకేశాడు.

"ఆపు! ఆపు తమ్మీ!" అని అరిచాను.

దిగిన చోటు నుంచి చూస్తే కొబ్బరిబోండాల బండి కనపడటం లేదు. కిలోమీటరు వచ్చేశాను. మళ్లీ లెక్క వేశాను. ఇక్కడి నుంచే పరుగెత్తితే ఇరవై నిమిషాల ముందు చేరతాను. వెనక్కి నడిచిపోయి, మళ్లీ మొదలుపెట్టి వస్తే ఎనిమిది నిమిషాలు ఆలస్యం. ఎన్నిసార్లు వేసినా అదే జవాబు.

చూసిన మనిషి ఒక్క ముసలాయన. ఆయనా నవ్వుకుంటూ పోయాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండు నిమిషాల్లో నేను వెయ్యని దొంగ లెక్క లేదు. కాలువ కట్ట మీద రోజుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ నడిచాను కదా, అందులో ఒకటి ఇక్కడ కలుపుకుంటే తప్పేంటి అనుకున్నాను. 'పోయిన టెస్టులో ఎక్కువ వచ్చినయి, అవి దీంట్ల కలపండి టీచర్' అని పిల్లలు బతిమాలితే నేను కర్ర తీసే మాట అది. మెడల్ మెడలో వేసుకుని తరగతిలోకి పోతున్నట్టు కళ్ల ముందు కనిపించింది. ఆ చివరి బెంచీ కూడా కనిపించింది.

"తమ్మీ, నన్ను ఎక్కిచ్చుకున్న కాడ మళ్ల దింపు."

"ఎన్కకు దారి లేదు టీచరమ్మా, ఇది వన్‌వే. అయినా గీడిదాక తెస్తి గద? ఎన్కకు ఎందుకు? నా బండి మంచిగ లేదా?"

"బండి మంచిగనే ఉంది. నేనే మంచిగ లేను" అని వెనక్కి తిరిగి నడిచాను.

ఎదురుగా జనం పరుగెత్తుకొస్తున్నారు. నేనొక్కదాన్నే అటు పోతున్నాను. పసుపు టీషర్టు వాలంటీరు అబ్బాయి చేతులు అడ్డం పెట్టి, "మేడం, ఫినిష్ అటు!" అన్నాడు. తెలుసన్నాను. తర్వాత ఇంకో అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చి, ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు నా పేరు అడిగింది, ఇవాళ ఏ వారమని అడిగింది. రెండూ సరిగ్గా చెప్పాకే వదిలింది. కొబ్బరిబోండాల బండిని చేత్తో ముట్టుకుని వెనక్కి తిరిగాను. బండివాడు బోండాం కొట్టబోయాడు, వద్దన్నాను.

ఆ తర్వాతి తొమ్మిది కిలోమీటర్లు ఎలా వచ్చానో చెబితే ఏడుపొస్తుంది గనక చెప్పను. చేరేసరికి ముగింపు దగ్గర గాలితో నింపిన పెద్ద తోరణం సగం గాలి పోయి వంగిపోతోంది. తలొంచుకుని దాని కిందుగా దూరి అవతలికి వచ్చాను. ఏడు గంటల ఎనిమిది నిమిషాలు. లెక్క మాత్రం తప్పలేదు. మెడళ్ల బల్ల దగ్గర అట్టపెట్టెలకు టేపు వేస్తున్న పిల్ల, "సారీ ఆంటీ, టైం అయిపోయింది" అంది. పర్వాలేదమ్మా అన్నాను గానీ, అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. నాకు ఆ మెడల్ కావాలనే ఉండింది.

మా ఆయన, అత్తమ్మ స్టీలు టిఫిన్‌తో వచ్చి ఉన్నారు. బండి తమ్ముడు మా ఆయనకు ఫోన్ చేసి, నాకంటే ముందే వచ్చి కథంతా చెప్పేశాడు.

"మనోడు మర్యాదగ తీసుకొస్తుంటె దిగి ఎన్కకు పోయినవంట! దయ్యం పట్టిందా?" అంది అత్తమ్మ, నా నోట్లో పెరుగన్నం ముద్ద పెడుతూనే. మా ఆయన నా బూట్లు విప్పి, పసుపు చెమటకు కరిగి సాక్సులకు కూడా అంటితే, వాటిని పిండి పక్కన పెట్టాడు.

సోమవారం తరగతిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎక్కింది, దిగింది, వెనక్కి నడిచింది అంతా చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక చివరి బెంచీ అమ్మాయి లేచింది.

"మరి ఫెయిలైండ్రా టీచర్?"

"ఫెయిలే."

"సప్లిమెంటరీ ఉంటదా?"

"ఉంటది. వచ్చే ఏడు."

ఆ గురువారం మళ్లీ స్లిప్ టెస్టు పెట్టాను. స్టాఫ్‌రూములో కూర్చుని దిద్దుతుంటే ఆ అమ్మాయి కాగితం వచ్చింది. రెండు లెక్కలు తనే చేసింది, ఒకటి తప్పు. మూడో లెక్కకు జవాబు పూర్తిగా, శుభ్రంగా, సరిగ్గా ఉంది. దాని మీద అడ్డంగా గీత కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో రాసింది:

"ఇది పక్కదాంట్ల సూసి రాసిన టీచర్. బండి దిగిన."

ఆ లెక్కకు సున్నా వేశాను. వేశాక కాగితం బల్ల మీద పెట్టి, బయట పంపు దగ్గరకు పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాను.