నందిగామ బోణీలో దొరికిన సైకిలు

మా ఇంటికి నాలుగంగల దూరంలో సొంత మేనమామ సైకిళ్ళ దుకాణం పెట్టుకుని కూర్చునుండగా, దాని ముందునుంచే నడిచి వెళ్ళి, బస్సెక్కి, పద్దెనిమిది మైళ్ళ అవతల నందిగామలో సైకిలు కొన్నవాణ్ణి జగ్గయ్యపేట మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ ఘనత ఇంకెవరికీ దక్కలేదు. దక్కించుకోవాలని ఎవరూ ప్రయత్నించనూ లేదు.

మావయ్య అన్ని హంగులతో నూట డెబ్బై రెండు రూపాయలన్నాడు. మేనమామతో బేరమాడితే మా అమ్మ ఊరుకోదు. ఆడకుండా కొంటే నేను ఊరుకోలేను. ఉప్పూ చింతపండూ అమ్మే కొట్లో పుట్టి పెరిగినవాడికి, చెప్పిన ధర చెప్పినట్టు చెల్లించి రావడమంటే పదిమందిలో చొక్కా లేకుండా నిలబడ్డట్టుంటుంది.

సైకిలు సరదాకి కాదు. నైజాం గొడవలు సద్దుమణిగి, హైదరాబాదు రోడ్డు మీద బస్సులు మళ్ళీ వేళకు తిరగడం మొదలైన ఆ ఏడు మా నాన్న మిరపకాయల కొనుగోలులో దిగాడు. పంట చేనులో ఉండగానే పల్లెలు తిరిగి రైతులకు బయానా ఇచ్చి రావాలి. ఆ తిరుగుడు నాకు అప్పగించమని అడిగాను. నాన్న వంద రూపాయలు నా చేతిలో పెట్టి, "రేపు దీపాలవేళకల్లా కొణకంచి రామయ్య గారి మిరపచేనుకు బయానా ఇచ్చి రా. ఇచ్చొస్తే పల్లెలు నీవి. రాలేకపోతే మీ బావవి. నువ్వు కొట్లో కూర్చుని బెల్లం తూచుకుందువుగాని" అన్నాడు. మా బావకు ఎడ్లబండి ఉంది. నాకు నోరుంది.

నాకు కావలసిన సైకిలు మూడు పనులకు పనికిరావాలి. రోజూ పేట బజార్లో జనం మధ్య మెలికలు తిరగాలి. నందిగామ దాకా పెద్దరోడ్డు మీద అలసట లేకుండా సాగాలి. రోడ్డు దిగి పల్లెల డొంకల్లోకి, బండిజాడల్లోకి దూరాలి. ఈ మూడూ ఒకే బండి చేస్తుందా అని మావయ్యను అడిగితే, "మూడు కొనుక్కో" అన్నాడు. బేరం అక్కడే చెడింది.

సొంత డబ్బు నూట యాభై జేబులో, నాన్న ఇచ్చిన వందా మొలలో పెట్టుకుని తెల్లవారుజామున అయిదున్నర బస్సు ఎక్కాను. నందిగామకు టిక్కెట్టు పన్నెండణాలు. అది బొగ్గుతో నడిచే బస్సు. వెనక కొలిమికి గాలి కొట్టి రాజేసేసరికి ఆరు దాటింది. వెళ్ళేవాళ్ళు ముందు బెంచీ కోసం ఆశపడకండి. బస్సు ఆగినప్పుడు దిగి తొయ్యమనేది మొదట వాళ్ళనే.

గరికపాడు అవతలి నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఒళ్ళో రెండు కోళ్ళు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఎందుకు పోతున్నానో నా నోటితోనే చెప్పించింది.

"సైకిలు కొననీకి బస్సెక్కినవా కొడుకా? మీ ఊళ్ళె అమ్మరా?"

"అమ్ముతారమ్మా. ఇక్కడ ధర ఎక్కువ."

"బస్సుకు పైసలియ్యలే?"

ఇచ్చానన్నాను. ఆవిడ కోళ్ళ వంక చూసి నవ్వుకుంది. చిల్లకల్లు దాటాక బస్సు ఆగితే ముందు బెంచీ వాళ్ళతో పాటు నేనూ దిగి తోశాను. రాత్రి వాన కురిసినట్టుంది, రోడ్డు పక్క చేలల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

నందిగామలో దిగేసరికి ఏడున్నర. బస్సులు ఆగే చోట హోటల్లో నాలుగణాలకు ఇడ్లీ, కాఫీ. ఇడ్లీ మెత్తగానే ఉంది, చట్నీలో మాత్రం నీళ్ళ చెయ్యి ధారాళం. తొందరతొందరగా తిని సైకిళ్ళ దుకాణానికి పరుగెత్తాను. నా పన్నాగమంతా ఆ తొందరలోనే ఉంది. బోణీవేళకు అక్కడ ఉండాలి. పొద్దున తలుపు తీశాక వచ్చిన మొదటి బేరాన్ని ఏ కొట్టువాడూ ఉత్త చేతుల్తో పంపడు, పంపితే ఆ రోజంతా అమ్మకాలుండవని భయం. ఆ భయం మా ఇంట్లో రోజూ చూసేదే. దాన్ని ఇంకొకరి మీద వాడుకోవాలని ఆ రోజే తోచింది.

దుకాణదారు వీరయ్య గారు గడపకు నీళ్ళు చల్లించి, అగరొత్తి వెలిగిస్తున్నాడు. తల తిప్పకుండానే, "రా అబ్బాయ్, కూర్చో. ఏ ఊరు?" అన్నాడు.

"పేట నుంచండి."

"పేటలో సైకిళ్ళు అయిపోయినయ్యా?"

నేను సరాసరి బళ్ళ మధ్యకు వెళ్ళాను. మూడు రకాలున్నాయి. ఒకటి సన్నటి టైర్లది, వేలితో లేపితే లేస్తుంది. కాలేజీ కుర్రాళ్ళు మోజుపడతారు గానీ డొంకలోకి దిగితే టైరు బండిజాడలో కూరుకుపోతుంది. రెండోది రెండు కమ్మీల బండి, పాలవాళ్ళు వాడేది. బస్తా వేసినా వంగదు, కాని ఖాళీగా తొక్కినా బస్తా వేసినట్టే ఉంటుంది. మూడోది మధ్యరకం. పెద్ద చక్రాలు, కాస్త లావు టైర్లు, తిన్నటి హేండిలు. దాన్ని లేపి చూశాను, చక్రం తిప్పి చూశాను, బస్సుల ఆవరణలో రెండు చుట్లు తొక్కి, కాలవగట్టు మీదికి ఎక్కించి దింపాను. కొనేవాళ్ళకు నేను చెప్పే సలహా ఇదొక్కటే: కొట్టు ముందు నున్నటి నేల మీద ఏ సైకిలైనా బాగానే ఉంటుంది, గతుకులు వెతికి తొక్కండి.

వీరయ్య గారు అరుగు మీంచి చూస్తూ, "పెళ్ళిచూపులయినయ్యా? పాట పాడించలేదే?" అన్నాడు.

"ఎంతండి బాబాయి గారూ?"

"అన్నిటితో నూట డెబ్బై."

బోణీవేళ. నేను గొంతు సవరించుకుని, "నూట నలభై" అన్నాను. ఆయన కోప్పడతాడు, నేను లేస్తాను, ఆయన పిలుస్తాడు, నూట యాభై దగ్గర తెగుతుంది. ఇదీ నా లెక్క.

ఆయన కోప్పడలేదు. అగరొత్తి వైపు తిరిగి కళ్ళు మూసుకుని దండం పెట్టి, "బోణీ. నూట నలభై. ఇచ్చాను, పట్టుకుపో" అన్నాడు.

అన్నవాడు రెంచీ తీసుకున్నాడు. ముందు బెల్లు ఊడదీశాడు. తరవాత దీపం. స్టాండు, కేరియరు, చెయిన్ కవరు, రెండు మడ్గార్డులు ఒక్కొక్కటే తీసి గోనెసంచి మీద వరసగా పేర్చాడు.

"ఇదేంటండీ?"

"అన్నిటితో నూట డెబ్బై అన్నాను. నువ్వు నూట నలభై అన్నావు. నూట నలభైకి వచ్చేది ఇదీ." రెంచీ సీటు కిందికి పోయింది. "కూర్చుని పోతావా, నిలబడి పోతావా?"

వెనక్కి తగ్గొచ్చుగా అని మీరనొచ్చు. తగ్గలేను. బోణీలో ధర నోటితో అని, అవతలివాడు ఒప్పుకున్నాక వెళ్ళిపోయినవాణ్ణి మా నాన్న మా కొట్టు మెట్టు ఎక్కనివ్వడు. వీరయ్య గారికీ ఆ సంగతి తెలుసు. నేను ఏ ఇంటివాణ్ణో పోల్చుకోవడానికి నేనడిగిన తీరే ఆయనకు సరిపోయింది. సీటుకు ఎనిమిది రూపాయలు ఇచ్చాను. బేరం ఆడలేదు. పక్కన గాలి కొట్టించుకుంటే ఇంకో అణా. మొలలో నాన్న వందా ఉంది గాని దాన్ని ముట్టుకుంటే పల్లెలు మా బావవి.

తొమ్మిదిన్నరకు బయల్దేరాను. పెద్దరోడ్డు మీద ఆ మధ్యరకం సైకిలు నిజంగా బాగా సాగింది. హేండిలు తిన్నగా ఉండడం వల్ల నడుము నొప్పి లేదు. అనాసాగరం దాటేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను. అక్కడ నా పంచె కొస చెయిన్లోకి పోయింది. కవరు ఎందుకు పెడతారో అప్పుడు తెలిసింది. జానెడు పంచె చెయిన్‌కే వదిలి, మిగిలింది గోచీ పెట్టుకుని మళ్ళీ ఎక్కాను.

కాసేపటికి వెనకనుంచి బెల్లు మోగింది. నలభై ఏళ్ళ మనిషి, తళతళలాడే సైకిలు, మీదున్న హంగులు లెక్కపెట్టడానికి ఒక మైలు పడుతుంది. నా పక్కకు వచ్చి, "ఏమయ్యా, దొంగలెవరన్నా వలుచుకున్నారా బండిని?" అన్నాడు.

"కొత్తదేనండి."

"కొత్తదా! ఇంకా పూర్తిగా పుట్టినట్టు లేదే!"

పేరు శేషయ్యట. నందిగామలో ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర గుమాస్తా. ఎక్కడికండీ అంటే, "కొణకంచి. రామయ్య గారని, ఆయన చేను మాట్లాడుకోవాలి" అన్నాడు.

నేను పోతున్నదీ అక్కడికేనని చెప్పలేదు. ముందుకు పోదామని గట్టిగా తొక్కాను. ఆయన మాటలు ఆపకుండా, ఆయాసపడకుండా పక్కనే వచ్చాడు. కొణకంచి డొంక దగ్గర ఇద్దరం ఒకేసారి రోడ్డు దిగాం. అప్పుడు నా వంక చూసి, "ఓహో, ఆ చేను కోసమే వస్తాడన్న పేట శెట్టిగారి అబ్బాయివా! చెప్పవేమయ్యా మరి!" అని నవ్వి, బెల్లు రెండుసార్లు మోగించి ముందుకు దూకాడు.

డొంక నల్లరేగడి. రాత్రి వానకు నానింది. ఆ మట్టి తడిస్తే మట్టిలా ఉండదు, తుమ్మబంకలా ఉంటుంది. శేషయ్య గారు ఒక ఫర్లాంగు పోయాడో లేదో, చక్రం మోసుకొచ్చిన బురదంతా మడ్గార్డు కింద బిగిసింది. వెనక చక్రం తిరగనంది. ఆయన దిగి పుల్లతో గీకాడు, ఎక్కాడు, పది గజాలు పోయాడు, మళ్ళీ బిగిసింది. నా బండికి బురద ఇరుక్కోవడానికి చోటే లేదు. చక్రానికి అంటుకున్నది అంటుకున్నట్టే ఎగిరి నా వీపు మీద, మెడ మీద, తల మీద పడింది. ఆయన పక్కనుంచి పోతూ చూస్తే, సైకిలును భుజానికెత్తుకుంటున్నాడు.

"ఆగవయ్యా! కలిసి పోదాం!" అని కేకేశాడు. అప్పటిదాకా లేని స్నేహం అది.

రామయ్య గారు ఇంటి ముందు పలుపు పేనుతున్నాడు. నన్ను చూసి లేచి, "ఎవరయ్యా నువ్వు, గేదెలతో పాటు మడుగులో దిగావా?" అన్నాడు. ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి, నా వీపు చూసి, చెంబు లోపల పెట్టి బిందె తెచ్చింది.

మా నాన్న పేరు చెప్పి, మొలలోంచి వందా తీశాను. ఆయన వెంటనే పుచ్చుకోలేదు.

"నందిగామ వాళ్ళూ వస్తామన్నారే?"

"వస్తున్నారండి. సైకిలు మోసుకుంటూ వస్తున్నారు."

ఇంటివాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం డొంక వైపు చూశాడు. "నవ్వులాట కాదబ్బాయ్. పోయిన ఏడు కాయ కోశాక వాన పట్టింది. బయానా ఇచ్చినాయన దారి బాగా లేదని పదిరోజులు రాలేదు. సగం కాయ బూజుపట్టి పోయింది. రేపు కోతలప్పుడు వాన పడితే నువ్వు వస్తావా?"

నా ఒంటి మీద బురద అప్పటికింకా కారుతూనే ఉంది. జవాబు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన డబ్బు తీసుకుని భార్య చేతికిచ్చి, ధర దగ్గర మాత్రం మణుగుకు బజారు ధర మీద రూపాయి ఎక్కువ కావాలని బిగించాడు. నేను అర్ధరూపాయికి దింపాను. అంతకంటే దింపబోతే, ఆవిడ నా బిందె తీసుకుపోయేటట్టు కనిపించింది.

శేషయ్య గారు వచ్చేసరికి నేను పీట మీద కూర్చుని భోంచేస్తున్నాను. ఆయన బండి దించి, సంగతి విని, చేతులు కడుక్కుని నా పక్కనే కూర్చున్నాడు. గోంగూర రెండోసారి వడ్డించాక, "ఈ మడ్గార్డులు రెండూ నీకు ఆరు రూపాయలకిస్తా, తీసుకుంటావా?" అని అడిగాడు. నా జన్మలో మొదటిసారి, బేరమాడకుండా వద్దన్నాను.

మూడింటికి తిరుగుప్రయాణం. ఎండకు డొంక కాస్త ఆరింది. పెద్దరోడ్డు మీద బెల్లు లేదు కాబట్టి ఎదురొచ్చిన బండికల్లా "పక్క పక్క" అని అరుస్తూ పోయాను. చిల్లకల్లు చేరేసరికి గొంతు పోయింది. పేట పొలిమేరలో పొద్దు గూకింది. దీపం లేకుండా తొక్కితే పోలీసాయన పట్టుకుంటాడని దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. మావయ్య దుకాణం ముందు మాత్రం తల వంచుకున్నాను. ఆయన లేచి నిలబడి మరీ చూశాడు.

కొట్లో అప్పుడే లాంతరు వెలిగిస్తున్నారు. నాన్న ముందు రామయ్య గారి సంగతి విన్నాడు, "ఊఁ" అన్నాడు. తరవాత సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంత?"

"నూట నలభై."

"బోణీలో అడిగావా?"

తలూపాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు గాని, భుజాలు కదలడం నేను చూశాను. "పొద్దున మీ మావయ్య దగ్గరికి పోయి కావలసినవి కొనుక్కో. చెప్పిన ధరే ఇవ్వు. పల్లెలకు పోయేవాడివి, బెల్లు లేకపోతే ఎట్లా" అన్నాడు.

ఇక లెక్క. బస్సు పన్నెండణాలు, ఇడ్లీ కాఫీ నాలుగణాలు, గాలి ఒక అణా. సైకిలు నూట నలభై, సీటు ఎనిమిది. మావయ్య దగ్గర బెల్లు, దీపం, స్టాండు, కేరియరు కలిపి పద్దెనిమిది. చాకలి చేతులెత్తేసిన చొక్కాకూ, చెయిన్‌కు వదిలిన పంచెకూ బదులు కొన్న కొత్తవి తొమ్మిది. వెరసి నూట డెబ్బై ఆరు రూపాయల ఒక అణా. మావయ్య మొదట చెప్పిన ధర మీద నాలుగు రూపాయల ఒక అణా ఎక్కువ, మడ్గార్డులూ చెయిన్ కవరూ లేకుండా.