మోతి ఎవరి కుక్క?

మొన్న శనివారం కోదాడ దవాఖానలో నా పక్క మంచం మీద, మోకాలికి ఆపరేషన్ చేయించుకుని పడుకున్న మిర్యాలగూడ పెద్దమనిషి, తన మంచం అంచుకు గడ్డం ఆనించి కూర్చున్న ఎర్రకుక్కను చూసి మురిసిపోతూ, "ఎవరిదే అన్నా గీ కుక్క, ఇంత బుద్ధిగున్నది?" అని నన్నే అడిగాడు. వార్డులో అంతమంది ఉండగా నన్నే అడగాలా! బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుని వచ్చిన నేను, ఏండ్ల తరబడి ఆ కుక్కకు నా చేతులతో అన్నం కలిపి పెట్టిన నేను, ఆ ప్రశ్నకు చప్పున జవాబు చెప్పలేకపోయాను. మీరూ నా ఈడువాళ్ళే కాబట్టి ఎందుకు చెప్పలేకపోయానో మొదటి నుంచి చెబుతాను.

సూర్యాపేటలో హైవే పక్కన నాకు మోటర్ వైండింగ్ దుకాణం ఉండేది. ఐదో తరగతితో చదువు బంద్ పెట్టినవాణ్ణి. కాలిపోయిన మోటర్లు విప్పి, ఏ తీగ ఎటు నుంచి ఎటు పోయిందో చూసి చూసి పని నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు కూడా మోటర్ల మీది రేకులు చదివి నేర్చుకున్నవే. ఒక ఎండకాలం నిడమనూరు దిక్కు, సాగర్ కాలువ కట్ట మీద ఒక రైతు మోటరు చూడబోతే అక్కడ దొరికింది మోతి. కూనగా ఉన్నప్పుడు ఎవరో మెడకు కట్టిన ఇనుప తీగ, అది పెరిగేకొద్దీ చర్మంలోకి దిగిపోయి, మూలుగుతూ పడి ఉంది. నా కటింగ్ ప్లయరుతోనే తెంపి తీశాను. ఆ మచ్చ ఇప్పటికీ మెడపట్టీ కింద కుడిపక్కన ఉంది, అక్కడ వేలితో గోకితే చాలు, దాని వెనుక కాలు దానంతటదే నేల మీద టపటపా దరువు వేస్తుంది. అప్పట్లో ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, మా ఇంటామెకు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పాలె?

దుకాణంలో రాగి తీగ ఉంటుంది కదా, రాగి అంటే దొంగలకు ప్రాణం, మందు పెట్టిన మాంసం ముక్క విసిరి కుక్కను చంపి మరీ ఎత్తుకుపోయేవాళ్ళు. అందుకని నా చేతితో పెడితే తప్ప, లేదా నేను "తిను" అంటే తప్ప ముట్టకుండా మోతికి నేర్పాను. మటన్ ముక్క ముందు పడ్డా నా ముఖం చూసేదే గాని మూతి పెట్టేది కాదు. మధ్యాహ్నం నేను స్టూలు మీద కూర్చుని కాయిల్ చుడుతుంటే వచ్చి నా ఎడమ మోకాలి మీద గదుమ ఆనించి నిద్రపోయేది, కాలు తిమ్మిరెక్కినా నేను కదిలేవాణ్ణి కాదు. ఇంకెవరి మోకాలి దగ్గరికీ అది పోయి ఎరుగదు. నాది అంటే నాదే.

మా చిన్నబిడ్డ ఈ కోదాడ దవాఖానలోనే ఫిజియోథెరపీ చేస్తుంది, పక్షవాతం వచ్చినవాళ్ళకూ ఎముకలు విరిగినవాళ్ళకూ కాళ్ళూ చేతులూ ఆడించే పని. నేను దుకాణం మూసేసిన యేడు ఇంటికి వచ్చి, మోతిని థెరపీ డాగ్ చేద్దామంది. అంటే రోగుల పక్కన కూర్చుని, వాళ్ళ చేత నిమిరించుకుని, వాళ్ళ మనసు తేలికపరిచే కుక్క అట. "నీ లెక్కనే అది గూడ ఖాళీగుంటున్నది నాయినా, నలుగురికి పనికొస్తది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాలిన మోటరు అయితే పాత తీగ అంతా తీసేసి కొత్తది చుడతాం, ఒప్పుకుంటాను, మరి నా కుక్క కాలిపోలేదే, బంగారంలాగా నడుస్తున్నదే, దాన్నెందుకు విప్పాలె?

బిడ్డ మాట తోసెయ్యలేక సరే అన్నాను. ఆదివారాలు హైదరాబాదు నుంచి శిక్షణ ఇచ్చే అమ్మాయి వచ్చేది. పరాయివాళ్ళు చెవులు లాగినా ఊరుకోవాలె, స్టీలు పళ్ళెం దభాలున పడ్డా ఉలిక్కిపడొద్దు, చక్రాల కుర్చీ వస్తే పక్కకు జరగాలె, కింద మందుబిళ్ళ పడితే వాసన కూడా చూడొద్దు. అన్నీ ఇంగ్లీషులో చెబుతుంటే, నా కుక్క తెలుగు కుక్క అని పట్టుబట్టి, "కూసో", "ఆగు", లేచి రావడానికి "పోదాం పా", ఈ మాటలు నేనే నేర్పాను. దానికి ఏది ఇష్టమో చెప్పండి అంకుల్ అని ఆ అమ్మాయి అడిగితే మాత్రం మెడ మచ్చ సంగతి చెప్పలేదు. చప్పుడుకు అలవాటు చెయ్యాలని మిర్యాలగూడలో మా బామ్మర్ది పనిచేసే రైస్ మిల్లుకు తీసుకుపోయాం. జల్లెడలు దడదడలాడుతుంటే మోతి ఊక వాసన చూసుకుంటూ నింపాదిగా కూర్చుంది. మా బామ్మర్ది నా వంక చూసి, "ట్రైనింగు దానికా నీకా బావా? అది అదురుతలేదు, నువ్వే అదురుతున్నవ్" అని మిల్లు హమాలీలందరి ముందూ నవ్వాడు.

అన్నిటికన్నా కష్టమైనది కోదాడ బస్టాండులో జరిగింది. ఎవరో ముసలామె బిస్కెట్ పట్టుకుని చెయ్యి చాపింది. మోతి ముట్టలేదు, పాత అలవాటున నా ముఖం చూసింది. నాలో నేను పొంగిపోయాను. అప్పుడు మా బిడ్డ మెల్లగా, "తినుమని చెప్పు నాయినా, నువ్వు చెప్పకుంటే అది తినది" అంది. ఆ ముసలామె చెయ్యి చాపే ఉంది. నేనే చెప్పాను, తిను అని. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరు పెట్టినా ముందు నా వంక చూసి తినేది, పోను పోను చూపు చిన్నదైంది, చివరికి చూడటమే మానేసింది.

పరీక్ష కూడా ఆ దవాఖానలోనే పెట్టారు. కుక్కను ముక్కూ ముఖం తెలియని మనిషికి అప్పగించి యజమాని తలుపు అవతలికి పోవాలట, అది ఏడవకుండా, గుంజుకోకుండా ఉండాలట. నేను తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. ఒక్క కుయ్యి, చిన్న కుయ్యి వినబడితే చాలు, సర్టిఫికెట్టూ వద్దు గిర్టిఫికెట్టూ వద్దు, ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. లోపల చప్పట్లు వినబడ్డాయి. లోపల కూర్చుని చూసిన మా ఇంటామె బయటికి వస్తూ నా ముఖం చూసి, "అది ఏడ్వలేదని నువ్వేడుస్తున్నవా?" అంది. ఐదో తరగతి దాటిన కాగితం నాకు ఇప్పటికీ లేదు, మోతికి మాత్రం ఫోటోతో సహా వచ్చింది, అది మా పెండ్లి ఫోటో పక్కనే గోడకెక్కింది.

అప్పటి నుంచి ప్రతి వారం శుక్రవారం సాయంత్రం మా బిడ్డ తీసుకుపోతుంది, ఆదివారం తెచ్చి వదులుతుంది. ఒకసారి నేనూ వెంట పోయాను. చెయ్యి పడిపోయిన ఒక రిటైర్డు పంతులు మోకాలి మీద, అదీ ఎడమ మోకాలి మీద, మోతి గదుమ ఆనించి కండ్లు మూసుకుంది. ఆయన పడిపోయిన చేతిని ఈడ్చి ఈడ్చి దాని తల మీదికి తెచ్చాడు. అందరూ కండ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం, ఉన్నమాట చెబుతున్నాను, ఆ మోకాలు నాది కాదే అనిపించింది. మళ్ళీ ఎన్నడూ వెంట పోలేదు.

మొన్న నేను మంచం మీద ఉన్నాను. నారింజ రంగు కోటు తొడుక్కుని వార్డులోకి వచ్చింది మోతి. నన్ను చూడగానే ఎగిరి వస్తుందనుకున్నాను, రాకపోతే బతికినంతకాలం దానితో మాట్లాడొద్దనుకున్నాను. ఎగిరి రాలేదు. తలుపు దగ్గరి మంచం నుంచి వరుసగా ఒక్కొక్కరి దగ్గర కూర్చుంటూ, నా వంతు వచ్చినప్పుడే నా దగ్గరికి వచ్చింది. గదుమ మంచం మీద నా అరచేతిలో పెట్టింది, అదే బరువు, అదే వెచ్చన. ఎంతసేపైనా ఉంటుందనుకున్నాను. మా బిడ్డ నా ముఖంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, "పోదాం పా" అంది. నా మాటే అది. మోతి లేచి, వెనక్కి తిరిగి చూడకుండా పక్క మంచానికి పోయింది. అప్పుడడిగాడు ఆ పెద్దమనిషి, ఎవరిదని.

మన కాలంలో మంచి కుక్క అంటే పరాయివాణ్ణి గడప తొక్కనివ్వనిది. ఇంటివాణ్ణి తప్ప ఇంకొకణ్ణి నమ్మితే దానికి పెట్టిన తిండి దండుగ అనేవాళ్ళం. నాది అన్న మాటకు నీది కాదు అనే అర్థం, అంతే. ఇప్పుడు అందరి దగ్గరికీ పోయే కుక్కకు ఫోటో తీసి కాగితమిస్తున్నారు. ఏది మేలో తేల్చే చదువు నాకు లేదు. అటు తిరిగి పడుకుందామంటే తుంటి తిరగనివ్వలేదు, అంతా చూడాల్సి వచ్చింది. ఆ పెద్దమనిషి దాని నెత్తి మీద రాయి మీద రుద్దినట్టు రుద్దుతున్నాడు, ఒట్టి చేతగాని చెయ్యి. చూసి చూసి ఓర్చుకోలేక, "నాదే. ఆడ గాదే అన్నా, మెడపట్టీ కింద, కుడిదిక్కు, ఏలితోటి జర మెల్లగ గోకు" అన్నాను.

దుకాణం షట్టరు వెనుక నేనొక్కణ్ణే వింటూ వచ్చిన ఆ టపటపా దరువు, మొన్న దవాఖాన గచ్చు మీద వార్డంతా విన్నది.