కానుక మీద పన్ను

మా హరికథ భాగవతార్‌కు ఒకచోట కుదురుగా ఉండటం చేతకాదు. మాట్లాడుతున్నంతసేపూ భుజం మీది శాలువా తీసి మడిచేవారు, మళ్ళీ కప్పుకునేవారు. దేవరకొండ నుంచి తిరుమలగిరి దాకా ఆయన కథంటే జనం బండ్లు కట్టుకుని వచ్చే రోజులవి. నేను ఆయనకు హార్మోనియం వాయించేవాణ్ణి.

పందొమ్మిది వందల అరవైల్లో ఆయనకు ఆదాయప్పన్ను నోటీసు వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని నల్లగొండ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ కుర్చీ చూపినా కూర్చోలేదు.

"నాది యాపారమా సారూ? దేవుని కథ చెప్త. జనం పళ్లెంల కానుక ఏస్తరు. కానుక మీద పన్ను ఏ కానూన్ల ఉన్నది?"

కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. "సరేనండి. పాడటం మీ వృత్తి కాదని, ఊరికే భక్తితో పాడతానని రాసి సంతకం చేయండి. పన్ను వేయను."

ఆయన కలం పట్టుకుని గదంతా తిరిగారు. పన్ను పడితే నా జీతానికీ కోత తప్పదు. రాసెయ్యమని సైగ చేశాను.

"బుద్ధెరిగిన కాడి నుంచి గొంతు చించుకుంటున్న. గా పాట నా పనే గాదని నా చేత్తోనే రాయాల్నా? పన్నే ఏసుకోండ్రి!" అని కలం బల్ల మీద పెట్టేశారు.

ఆఫీసరు ఆయన ఏడాది సంపాదన అంచనా కట్టి చెప్పాడు. అది అసలుదానిలో సగం కూడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిరుగు బస్సులో ఆయన సీట్లో నిలవలేదు.

"తక్కువల్నే పోయింది గద అయ్యగారూ, ఇంకేం ఫికరు?" అన్నాను.

"గదే ఫికరు. నా పాట గంతేనా? రేపు మళ్ళ పోదాం పా. ఆయనకు ఒక్క కథ ఇనిపిస్త. అప్పుడెంత ఏస్తడో చూద్దాం."