పగలని గాజు

నా చిన్నప్పుడు మా ఇంటి వెనకగది గోడకు ఒక గాజు ముక్క అతికించి ఉండేది. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలు అదేమిటని అడిగేవాళ్ళు. మా ఊరివాళ్ళు అడిగేవాళ్ళు కాదు. మాది కోలారు బంగారు గనుల ఊరు. భూమి అడుగున ఎక్కడో రాయి పగిలితే, పైన మా కాళ్ళ కింద నేల ఒక్క ఉదుటున ఎగిరిపడినట్టు ఉండేది. గిన్నెలు గలగలమనేవి, దూలం నుంచి మట్టి రాలేది, అంతే. మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. మా అవ్వ అయితే కంచం ముందు నుంచి లేచేది కూడా కాదు. "అది అదురుతానే ఉంటాది. నా సంకటి చల్లారిపోతాది" అనేది.

మా నాయనకు రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా అంగడి. అంగడి వెనకాలే ఇల్లు, ఇంటి చివర ఆ వెనకగది. అలాంటి ఒక అదురుకు ఆ గది గోడ పైనుంచి సగం దాకా పగిలింది. ఆ గోడ వారనే అవ్వ మంచం. పక్కింటి మామ గనుల కంపెనీలో కట్టడాల మేస్త్రీ. మా అమ్మ ఆయన్ని తమ్ముడూ అనేది, ఆయన మా నాయనను బావా అనేవాడు. ఒక ఆదివారం తాపీ తెచ్చి, పగులుకు అడ్డంగా ఆ గాజు ముక్క పెట్టి, రెండు కొసల్నీ సిమెంటు ముద్దలతో గోడకు బిగించాడు. సిమెంటు పచ్చిగా ఉండగానే మేకుతో తేదీ గీశాడు.

నేను అన్నీ అడిగే పిల్లను. పగులు పూడ్చకుండా గాజు ఎందుకు అన్నాను. "పగులు ఉండాదని బయపడకూడదు పాపా. అది నడస్తా ఉండాదా, నిలిచిపోయిందా, అది చూడాల. గోడ సాగుతాది, గాజు సాగదు. గోడ వెంట్రుకంత కదిలినా గాజు పగిలి చెప్తాది" అన్నాడు. ఆ చూసే పని నాకే అప్పగించాడు. పొద్దున్నే గాజు చూడటం, ఆయన సైకిలెక్కి పనికి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి "పగల్లేదు మామా" అని అరవడం. నా బతుకులో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. జీతం లేదు గానీ దర్జా ఉండేది, మా తమ్ముణ్ణి ఆ గోడ దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

గాజు పగిలితే ఏం చేయాలో కూడా మామ ముందే చెప్పాడు. ఇల్లు ఖాళీ చేసి, ఆ గోడ పడగొట్టి, కొత్తది కట్టాలి. మా నాయన సరేనన్నాడు. అప్పుడు తాను అంగడిలోనే పడుకుంటానని, ఆడవాళ్ళనూ పిల్లల్నీ బంగారుపేట అవతలి మా పల్లెకు పంపిస్తానని అన్నాడు. రెండేళ్ళ ముందు అమ్మకు జబ్బు చేసినప్పుడు మా అక్కను నాలుగు నెలల కోసమని అదే పల్లెకు పంపారు. ఆ నాలుగు నెలలు అలాగే ఉండిపోయాయి. అక్క ఆవులకు గడ్డి కోస్తూ, డెయిరీకి పాలు మోస్తూ అక్కడే ఉంది. పల్లెలో ఐదో తరగతి దాకే బడి. నేనప్పుడు ఏడు చదువుతున్నాను.

ఒకరోజు తెల్లవారకముందు గట్టిగా అదిరింది. లేచి పోయి చూస్తే గాజు నడిమికి విరిగి ఉంది. అవ్వ దంతధావనానికి పెరట్లోకి పోయింది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏమీ అనుకోలేదు కూడా. చేతులు వాటంతట అవే పని చేశాయి. మామ అవసరానికని గూట్లో ఇంకో రెండు గాజు ముక్కలు దాచిపెట్టి ఉన్నాడు. విరిగిన ముక్కల్ని కత్తితో పెళ్ళగించి, రాత్రి మిగిలిన అన్నం మెతుకులు మెత్తగా పిసికి, ఆ జిగురుతో పాత సిమెంటు ముద్దల మీదే కొత్త గాజు అతికించాను. మెతుకుల తెలుపు కనబడకుండా పైన పొయ్యి బూడిద అద్దాను. వేలు తెగింది, నొప్పి తెలియలేదు. మామ సైకిలు గంట వినబడింది. వాకిట్లోకి పోయి "పగల్లేదు మామా" అన్నాను. రోజూ వచ్చే గొంతే వచ్చింది. అది విని నాకే ఆశ్చర్యం వేసింది.

అబద్ధం చెప్పానని భయపడ్డానా అంటే, లేదు. భయపడి ఉంటే బాగుండేది. నాలుగు రోజులు నాలో ఏదో మొద్దుబారిపోయింది. అన్నం తింటే రుచి లేదు, అమ్మ తిడితే కోపం లేదు. బడి నుంచి రాగానే వెనకగది గుమ్మంలో కూర్చునేదాన్ని. అవ్వ మంచం మీద కునుకు తీస్తుంటే ఆ గోడనే చూసేదాన్ని. పడితే చేతులడ్డం పెట్టి ఆపుతాననుకున్నానో ఏమో! పన్నెండేళ్ళ పిల్ల తెలివి ఎంతని.

ఆదివారం మామ వచ్చాడు. గాజు ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నేనూ చూశాను, అప్పుడు కనబడింది. గోడ మీద చీమలు బారుకట్టి గాజు కొసల దాకా పోతున్నాయి. సిమెంటు తినే చీమలు ఏ ఊళ్ళోనూ ఉండవు కదా. ఆయన నా వైపు తిరగలేదు. "ఎందుకైనా మంచిది, ఇంకొకటి పెడతా ఉండా అక్కా" అని అమ్మతో చెప్పి, జానెడు కింద ఇంకో గాజును సిమెంటుతో బిగించాడు. పోతూ పోతూ, "గోడ వార చలి, అవ్వ మంచం అంగడి పక్క గదిలో వేయండి" అన్నాడు. అది ఎండాకాలం. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు గానీ మంచం మాత్రం ఆయనే ఎత్తి అవతల వేసి పోయాడు.

వారం తిరగకుండా మళ్ళీ అదిరింది. పొద్దున అందరం పోయి చూశాం. మామ పెట్టిన గాజు విరిగింది. నేను పెట్టింది చెక్కుచెదరలేదు. ఒకే గోడ, ఒకే పగులు, ఒకదాని కింద ఒకటి. మా నాయన వ్యాపారస్థుడు, ఆయనకు నచ్చిన గాజు పై గాజే. "పాతది నిక్షేపంగా ఉండాది కదప్పా. నువ్వు కొత్తగా పెట్టిందే నాసిరకమేమో. రెండు తక్కెళ్ళు రెండు తూకాలు చూపిస్తే ఏది నమ్మాల?" అన్నాడు. ఇల్లు ఖాళీ చేయడం ఆయనకు మాత్రం ఇష్టమా?

మామ నన్ను పట్టివ్వవచ్చు. ఒక్క గోటితో పై గాజును తోస్తే ఊడి చేతికి వచ్చేది. ఆయన తోయలేదు. నన్ను చూసి, "చూసే పని పాపది కదా బావా. పాప చెప్తాది ఏది నమ్మాలో" అన్నాడు. ఆ గదిలో అందరూ నా వైపు తిరిగారు. నేను కిందిది అన్నాను. పైది నేనే పెట్టానని, అన్నంతో అతికించానని కూడా చెప్పాను. ఏడవలేదు. ఎవరో పక్కింటి పిల్ల చేసిన పని చెబుతున్నట్టు చెప్పాను. నాయన చెయ్యెత్తాడు. అవ్వ నడుమ వచ్చింది. "కొట్టొద్దురా. నేను చచ్చినా పర్వాలేదని చేయలేదు అది. గోడ నిలబడతాదిలే అనుకునింది, పిచ్చి ముండ" అంది.

మామ పై గాజు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది పగలకుండా ఉండేది గట్టిదని కాదు పాపా. గోడను పట్టుకోనేలేదు. గోడ దారిన గోడ పోయింది, దీని పాటికి ఇది ఊరికే ఉండాది" అన్నాడు.

సామాను తీసిన మూడో రోజు కూలీలు గడ్డపార వేశారు. రెండు పోట్లకే గోడ దానంతటదే కూలింది. సరిగ్గా అవ్వ మంచం ఉన్నచోట పడింది. అమ్మ నన్ను పట్టుకుని భోరుమంది. నేను కొయ్యబారి దుమ్మునే చూస్తూ ఉండిపోయాను. మరునాడు పల్లెకు పోయాం.

పల్లెలో ఒక సంవత్సరం ఉన్నాను. ఏం చేశానని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కతో గడ్డి కోశాను, పట్టుపురుగులకు ఆకు వేశాను. నిజం చెప్పినందుకు నాకు దక్కింది ఇదేనా అని కూడా అనుకోలేదు. ఏదైనా అనుకోవడానికి లోపల మనిషి ఉండాలి కదా! జూన్ వచ్చింది, బళ్ళు తెరిచారు, నన్నెవరూ పిలవలేదు. అక్కకు జరిగిందే నాకూ జరుగుతోందని తెలుస్తూనే ఉంది. తెలిసినా ఏమీ అనిపించలేదు.

ఆ ఏడాదిలో పక్కింటి మామ మూడుసార్లు మా పల్లెకు వచ్చాడు. బంగారుపేట దాకా రైలు, అక్కడి నుంచి అద్దె సైకిలు. వచ్చి లెక్కల పుస్తకం తెరిపించి, ఎక్కడి దాకా అయిందో చూసి, అమ్మ పెట్టిన మజ్జిగ తాగి పోయేవాడు. మూడోసారి వచ్చినప్పుడు మా నాయన కూడా పల్లెలోనే ఉన్నాడు. కొత్త గోడ ఎంత బాగా వచ్చిందో మామకు వర్ణించి చెబుతున్నాడు. మామ అంతా విని, "గోడ లేచింది సరే బావా. పిల్లను ఎప్పుడు లేపుతావు?" అన్నాడు. అంతటితో ఆగలేదు. "ఖాళీ చేయమనింది నేను. ఈ పాప చదువు నా నెత్తిన ఉండాది. మీ ఇంట్లో కుదరకపోతే మా ఇంట్లో ఉంటాది" అన్నాడు. ఆ మాటకు, ఏడాదిగా రాని ఏడుపు నాకు వచ్చింది. పశువుల పాకలోకి పోయి ఏడ్చాను. మరుసటి జూన్‌లో మళ్ళీ ఏడో తరగతిలో కూర్చున్నాను. అక్కను మాత్రం ఎవరూ లేపలేదు. అది ఇప్పటికీ నాకు ముల్లే.

తర్వాత నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఆడపిల్లకు ఇసుక, సిమెంటు ఏమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. ముప్పై ఐదేళ్ళు ఈ జిల్లాలోనే బళ్ళు, వంతెనలు, చెరువు తూములు కట్టించి, పాతవి పరీక్షించి రిటైరయ్యాను. గనులు మూతపడ్డాయి. మామ లేడు. ఉద్యోగంలో నా కింద పనిచేసిన పిల్లలకు నేనంటే విసుగు. ఎవరైనా కాగితం తెచ్చి అంతా బాగుంది మేడం అంటే, నేను అడిగే మొదటి ప్రశ్న దేనితో అతికించారని. ఈవిడకు చాదస్తమని చాటున అనుకునేవాళ్ళు. అనుకోనీ.

పోయిన ఏడాది మా కోలారు పక్క నరసాపురంలో ఫ్యాక్టరీ కూలీలు కాపురముండే ఒక మూడంతస్తుల మేడను చూడమని, రిటైరైనా, పంచాయతీవాళ్ళు నన్నే పిలిచారు. స్తంభం పక్కన పగులు, దాని మీద గాజు ముక్క. మూడు నెలలుగా పగల్లేదని యజమాని మనిషి గొప్పగా చూపించాడు. గోటితో తోశాను. రబ్బరులా సాగే జిగురుతో అతికించినట్టున్నారు, గాజు కదిలింది. ఖాళీ చేయించాలని అక్కడే నిలబడి రాసిచ్చాను.

సాయంత్రానికి ఆ సంసారాలన్నీ ట్రంకుపెట్టెలతో రోడ్డు మీదికి వచ్చాయి. నన్ను చూసిన చూపుల్లో ప్రేమేమీ లేదు, ఉండాలని నేను ఆశించలేదు కూడా. ప్రాణాలు దక్కాయి కదా అని కారెక్కి పోవచ్చు. ఎక్కబోయాను కూడా. పెట్టె మీద ఒక పిల్ల బడిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

కారు తలుపు వేసేసి, ఆ పిల్ల పక్కన పోయి కూర్చున్నాను. ఏ తరగతి అని అడిగాను. ఏడు అంది. వాళ్ళ నాయన పేరు, బడి పేరు, ఇప్పుడు పోబోయే ఊరి పేరు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పటి నుంచి ఇప్పటికి రెండుసార్లు పోయి చూసి వచ్చాను. మూడోసారి వచ్చే ఆదివారం పోవాలి.